సీలు వేసిన కాటా, తేలికపాటి ఇమేజ్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలా వరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి కనుక మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, కంటైనర్ ఇమేజ్‌లకూ ఫిప్స్ ప్రమాణానికీ సంబంధించిన వాటినే ఇక్కడ తీసుకున్నాను. ప్రోగ్రామునూ అది నడవడానికి కావలసిన ఫైళ్లనూ కలిపి కట్టిన మూట కంటైనర్ ఇమేజ్, గుప్తీకరణ విషయంలో అమెరికా ప్రభుత్వం పెట్టిన ప్రమాణం ఫిప్స్. ఒకే మాదిరి ప్రశ్నలను కలిపి ఒకటిగా కుదించాను.

ప్రశ్న: మేము ఆరుగురం కలిసి అమెరికాలోని ఒక సంస్థకు సాఫ్ట్‌వేర్ రాసి ఇస్తున్నాం. ఆ సంస్థ అక్కడి ప్రభుత్వ శాఖలకు సరఫరా చేస్తుంది. ఇకమీదట మేమిచ్చే ఇమేజ్‌లన్నీ ఫిప్స్‌కు లోబడి ఉండాలని రాశారు. మేము ఏఈఎస్ 256 వాడుతున్నాం, నెట్‌వర్క్ సంభాషణను గుప్తీకరించే టీఎల్‌ఎస్‌లో 1.2 కంటే పాత వెర్షన్‌ను ఒప్పుకోవడం లేదు. ఇది చాలదా?
(ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి)

జవాబు: చాలదండీ. మీరు చెప్పినవి రెండూ మంచి అలవాట్లే గానీ, వాళ్లు అడిగినది వేరు. చిత్తూరు బెల్లం మండీలో వ్యాపారి తన కాటా సరిగ్గానే తూగుతుందని ఎంత ఒట్టు పెట్టుకున్నా, దాని మీద తూనికలు కొలతల శాఖ ముద్ర, సీసపు సీలు లేకపోతే తనిఖీకి వచ్చిన అధికారి ఒప్పుకోడు. తూకం నిజంగానే సరిగ్గా ఉండవచ్చు, అయినా పరీక్షించి ముద్ర వేసినవారెవరన్నదే ఆయన ప్రశ్న. ఫిప్స్ 140 అడిగేది కూడా సరిగ్గా ఇదే. ఏఈఎస్ అన్నది గుప్తీకరణ లెక్క చేసే పద్ధతి, 2001లో ఫిప్స్ 197గా వెలువడింది. ఆ లెక్కను నిజంగా నడిపించే కోడ్ ముక్కను క్రిప్టోగ్రాఫిక్ మాడ్యూల్ అంటారు. ఆ మాడ్యూల్‌ను గుర్తింపు పొందిన ప్రయోగశాల పరీక్షించి, అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్, కెనడా సైబర్ భద్రతా కేంద్రం కలిసి నడిపే సీఎంవీపీ అనే కార్యక్రమం దానికి ఒక సంఖ్యతో సర్టిఫికెట్ ఇవ్వాలి. అమెరికా ప్రభుత్వ శాఖల దృష్టిలో అలా ధ్రువీకరణ పొందని గుప్తీకరణ వాడిన సమాచారం, అసలు గుప్తీకరించని సాదా సమాచారంతో సమానం. వినడానికి మొండిగా అనిపిస్తుంది గానీ, కొనుగోలు నిబంధన అదే.

ఇదంతా మనకు దూరపు విషయమేమీ కాదు. మీ ఊళ్లోని ఏ ఆడిటర్ బల్ల సొరుగు తీసినా డిజిటల్ సంతకానికి వాడే చిన్న యూఎస్‌బీ టోకెన్ కనిపిస్తుంది. మన దేశంలో సంతకపు తాళంచెవిని ఫిప్స్ 140-2 రెండవ స్థాయి ధ్రువీకరణ ఉన్న పరికరంలోనే ఉంచాలన్న నియమం ఉండబట్టే ఆ టోకెన్ ఉనికిలోకి వచ్చింది. ఈ ప్రమాణంలో మొత్తం నాలుగు స్థాయిలు ఉన్నాయి, మీలాంటి సాఫ్ట్‌వేర్ మాడ్యూళ్లు సాధారణంగా మొదటి స్థాయిలో ఉంటాయి.

కాబట్టి మీరు మొదట చేయవలసినది కోడ్ మార్చడం కాదు, మీ ఇమేజ్‌లో గుప్తీకరణ చేస్తున్నవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. పైథాన్‌లో రాసిన బృందం ఒకటి ఎంతో శ్రద్ధగా ధ్రువీకరించిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే గుప్తీకరణ లైబ్రరీ ఉన్న బేస్ ఇమేజ్‌ను, అంటే పునాదిగా వాడే ఇమేజ్‌ను తెచ్చుకుని, దాని మీద క్రిప్టోగ్రఫీ అన్న పేరుగల ప్యాకేజీని పైథాన్ ప్యాకేజీలు తెచ్చిపెట్టే పిప్‌తో మామూలుగా ఇన్‌స్టాల్ చేసింది. ఆ ప్యాకేజీ సిద్ధంగా కట్టి ఉంచిన వీల్ రూపంలో వస్తే, తన సొంత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను తనలోనే కలుపుకుని వస్తుంది, ఇమేజ్‌లో ఉన్నదాని వైపు కన్నెత్తి కూడా చూడదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కోసం వాడే సైకోపీజీ2 బైనరీ ప్యాకేజీ కూడా తన ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీని వెంట తెచ్చుకునేదే. అంటే ముద్ర వేసిన కాటా గల్లాపెట్టె ముందు అందంగా నిలబడి ఉంటే, తూకమంతా బల్ల కింద ఉన్న వేరే కాటా మీద జరుగుతున్నదన్నమాట. అటువంటి ప్యాకేజీలను వీల్‌గా తీసుకోకుండా మూలకోడ్ నుంచి ఇమేజ్‌లోనే కట్టుకుని, అందులో ఉన్న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కే అతుక్కునేలా చేయాలి. జావా అయితే బౌన్సీ కాజిల్ అనే గుప్తీకరణ లైబ్రరీకి ఉన్న ఫిప్స్ ప్రతి వంటిది వేరుగా తెచ్చుకోవాలి. మామూలు బౌన్సీ కాజిల్, ఫిప్స్ బౌన్సీ కాజిల్ రెండూ పక్కపక్కనే జార్ ఫైళ్ల వరుసలో కూర్చుని ఉండడం నేను చూశాను, ఏది పని చేస్తున్నదో ఆ బృందంలో ఎవరికీ తెలియదు.

ప్రశ్న: ఇమేజ్ చిన్నగా ఉంటే భద్రత పెరుగుతుందని మా అధ్యాపకులు చెప్పారు. పరిమాణానికీ భద్రతకూ సంబంధం ఏమిటి? షెల్ (ఆదేశాలు టైపు చేసే ప్రోగ్రాము) కూడా లేని ఇమేజ్‌లో తప్పు ఎలా వెతకాలి?
(ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని, చిత్తూరు)

జవాబు: మెగాబైట్లకూ భద్రతకూ నేరుగా సంబంధం లేదమ్మా. సంబంధం ఉన్నది లోపల ఏమేమి ఉన్నాయన్న దానితో. డెబియన్ లినక్స్ బేస్ ఇమేజ్‌లో మీ ప్రోగ్రాము ఎన్నడూ పిలవని ఆప్ట్, బ్యాష్, పెర్ల్ ముక్క వంటివన్నీ ఉంటాయి. వాటిలో ఏదో ఒకదానిలో లోపం బయటపడిన ప్రతిసారీ లోపాలు వెతికే స్కానర్ మీ ఇమేజ్ మీద ఎర్రగీత గీస్తుంది. ఎవరైనా మీ ప్రోగ్రాములోని సందు గుండా లోపలికి దూరితే, అక్కడ ఉన్న షెల్, ప్యాకేజీ మేనేజరు వాళ్ల చేతి పనిముట్లవుతాయి. షెల్, ప్యాకేజీ మేనేజరు లేకుండా గూగుల్ నుంచి వచ్చిన డిస్ట్రోలెస్ ఇమేజ్‌లలో అన్నిటికన్నా చిన్నదైన స్టాటిక్ అన్నది సుమారు 2 మెగాబైట్లు, ఆల్పైన్ లినక్స్ సుమారు 5, డెబియన్ 124 అని ఆ ప్రాజెక్టువారే చెబుతారు. ఆ 2 మెగాబైట్లలో వెబ్‌సైట్లకు గుర్తింపు సర్టిఫికెట్లు ఇచ్చే అధికారుల జాబితా, టైమ్‌జోన్ సమాచారం, యూజర్ల ఫైలు, ఒక టెంప్ డైరెక్టరీ, ఇంచుమించు ఇంతే.

ఇంకా తగ్గించాలని పూర్తిగా ఖాళీ అయిన స్క్రాచ్ మీద ప్రోగ్రాము పెట్టేవారు మొదటి రోజే ఒక దెబ్బ తింటారు. ప్రోగ్రాము చక్కగా మొదలవుతుంది, బయటి సర్వరుకు హెచ్‌టీటీపీఎస్‌లో మొదటి అభ్యర్థన పంపగానే ఎవరు సంతకం చేశారో తెలియని సర్టిఫికెట్ అని కేక వేసి ఆగిపోతుంది. నమ్మదగిన అధికారుల జాబితా ఆ ఖాళీ ఇమేజ్‌లో లేకపోవడమే కారణం. నెట్‌వర్క్‌ను, ఫైర్‌వాల్‌ను, చివరికి ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీని తిట్టిన తరువాత గానీ అది తెలిసిరాదు. అందుకే స్క్రాచ్ కంటే ఆ 2 మెగాబైట్ల స్టాటిక్ మేలని నా అభిప్రాయం.

కంపైలరు, హెడర్ ఫైళ్లు, పరీక్షల సామగ్రి కట్టే దశలో అవసరమే. అలిపిరిలో సామాను కౌంటరులో అప్పగించి మెట్లెక్కినట్టుగా, వాటిని మొదటి దశలోనే వదిలేసి, తయారైన ఫైలును మాత్రమే రెండవ దశకు కాపీ చేసుకోవాలి. ఇమేజ్ తయారీ ఆదేశాలుండే డాకర్‌ఫైల్‌లో రెండు ఫ్రమ్ వాక్యాలుంటే ఇది జరుగుతుంది. ఇక షెల్ లేకుండా తప్పు వెతకడం గురించి: కంటైనర్లను నడిపించే కుబర్నెటీస్ వ్యవస్థలో 1.25 వెర్షన్ నుంచి తాత్కాలిక డీబగ్ కంటైనర్లు స్థిరమైన సదుపాయంగా ఉన్నాయి. నడుస్తున్న పాడ్‌లో (కంటైనర్ల గుంపులో) పక్కన పనిముట్లున్న మరో కంటైనరును కాసేపు నిలబెట్టి చూసుకోవచ్చు, అసలు ఇమేజ్‌లో ఏమీ కలపనక్కరలేదు.

ప్రశ్న: అయ్యా, ఇమేజ్ పరిమాణం తగ్గించాలని డాకర్‌ఫైల్ చివరలో లైబ్రరీలన్నిటి మీద స్ట్రిప్ నడిపాము. ఆ తరువాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఫిప్స్ ప్రొవైడర్ లోడ్ కావడం లేదు. స్ట్రిప్ తీసేస్తే పని చేస్తున్నది. ఎందుకిలా?
(ఒక పాఠకుడు, పలమనేరు)

జవాబు: ఈ ఉత్తరం చదివి నాకు నవ్వు వచ్చింది, ఎందుకంటే ఇదే తప్పు నేనూ చేసి ఒక శనివారమంతా పోగొట్టుకున్నాను. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 లో ధ్రువీకరణ పొందిన భాగమంతా, అంటే ఫిప్స్ ప్రొవైడర్, ఫిప్స్ డాట్ ఎస్‌ఓ అనే ఒకే ఒక్క ఫైలులో ఉంటుంది. ఫిప్స్‌ఇన్‌స్టాల్ అనే ఆదేశం నడిపినప్పుడు అది ఆ ఫైలులోని ప్రతి బైటునూ లెక్కలోకి తీసుకుని హెచ్‌మ్యాక్ అనే సరిచూపు విలువను ఫిప్స్‌మాడ్యూల్ డాట్ సీఎన్‌ఎఫ్ అనే కాన్ఫిగరేషన్ ఫైలులో రాసిపెడుతుంది. తరువాత మాడ్యూల్ లోడ్ అయిన ప్రతిసారీ ఆ విలువను మళ్లీ లెక్కగట్టి పోల్చి చూసుకుంటుంది. స్ట్రిప్ అనేది డీబగ్ గుర్తులను కత్తిరించి ఫైలును తేలిక చేస్తుంది, కోడ్ మారదు గానీ బైట్లు మారతాయి. విలువ కలవదు, మాడ్యూల్ తలుపు వేసుకుంటుంది. కాటా బరువుగా ఉందని దాని పళ్లేన్ని అరగదీస్తే సీలు ఉండి ఏం లాభం?

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని జాగ్రత్తగా గమనించండి. ముందు స్ట్రిప్ చేసి, తరువాత ఫిప్స్‌ఇన్‌స్టాల్ నడిపితే హెచ్‌మ్యాక్ ఆ కత్తిరించిన ఫైలుకే లెక్కగట్టబడుతుంది, మాడ్యూల్ హాయిగా లోడ్ అవుతుంది, తప్పు సందేశం ఏదీ రాదు. నేను ఆ శనివారం సాయంత్రం చేసినది సరిగ్గా ఇదే. సోమవారం మా ఖాతాదారు తరఫు పరిశీలకుడు డాకర్‌ఫైల్ చదివి, మీరు మాడ్యూల్‌ను భద్రతా విధాన పత్రంలో చెప్పిన ఆదేశాలతోనే కట్టారా అని ఒక్క ప్రశ్న అడిగాడు. ప్రతి సర్టిఫికెట్‌కూ అటువంటి పత్రం ఒకటి జత చేసి ఉంటుంది, ఏ మూలకోడ్‌ను ఏ ఆదేశాలతో కట్టాలో అందులో రాసి ఉంటుంది. మధ్యలో నేను చేర్చిన కత్తిరింపు అందులో లేదు. పని చేసే మాడ్యూల్ వేరు, ధ్రువీకరణ నిలిచి ఉన్న మాడ్యూల్ వేరు అని నాకు అప్పుడు బోధపడింది. తక్కిన లైబ్రరీలను మీ ఇష్టం వచ్చినట్టు తగ్గించుకోండి, ఆ ఒక్క ఫైలును మాత్రం తాకకండి. ప్రోగ్రాములను కుదించే యూపీఎక్స్ వంటివి కూడా దాని దరికి రానివ్వకూడదు.

మీరు రెండు దశల డాకర్‌ఫైల్ వాడుతున్నారని ఉత్తరంలో రాశారు. అయితే ఇంకో సంగతి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0 లో ఫిప్స్‌ఇన్‌స్టాల్ స్వీయ పరీక్షలు నడిపి, అవి నెగ్గాయన్న గుర్తును కూడా అదే కాన్ఫిగరేషన్ ఫైలులో రాస్తుంది. ఆ ఫైలును అలాగే రెండవ దశకు, అక్కడి నుంచి వేరే యంత్రాలకు మోసుకుపోతే పరీక్ష ఒకచోట, పని మరొకచోట అవుతుంది. పరీక్షలు ప్రతి యంత్రం మీదా కనీసం ఒకసారి నడవాలి. దీనికోసమే సెల్ఫ్‌టెస్ట్ ఆన్‌లోడ్ అన్న ఐచ్ఛికం ఉంది. దాన్ని పెడితే ఆ గుర్తును రాయదు, మాడ్యూల్ లోడ్ అయిన ప్రతిసారీ పరీక్షలు నడుస్తాయి. కంటైనరు మొదలు కావడం కాస్త ఆలస్యమైనా ఇదే సరైన దారి.

ఫిప్స్ ప్రొవైడరుతో పాటు బేస్ అనే ప్రొవైడరును కూడా కాన్ఫిగరేషన్‌లో చేర్చడం మరచిపోకండి. తాళంచెవుల ఫైళ్లను చదివే పని దానిది, అది లేకపోతే మీ పెమ్ ఫైలు చెడిపోయిందేమోనని వెతుకుతూ కూర్చుంటారు. అంతా అయిన తరువాత ఆ ఇమేజ్ ఆధారంగా కట్టిన పరీక్ష కంటైనరులో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో ఏదో ఒక ఫైలుకు ఎండీ5 (ఫిప్స్ ఆమోదించని పాత హ్యాష్ పద్ధతి) లెక్కగట్టి చూడండి. లెక్క వచ్చిందంటే ఫిప్స్ అమలులో లేనట్టు. కుదరదని తిరస్కరించిందంటే సంతోషించండి.

ప్రశ్న: ఫిప్స్ అమలు చేయగానే మా పైథాన్ ప్రోగ్రాము ఎండీ5 దగ్గర ఆగిపోయింది. మేము దాన్ని క్యాష్ పేర్ల కోసమే వాడుతున్నాం, భద్రత కోసం కాదు. పాస్‌వర్డులకు బీక్రిప్ట్ వాడుతున్నాం, అది మాత్రం ఆగలేదు. అంటే అది సరైనదేనా?
(ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి)

జవాబు: తిరగబడిన పరిస్థితి మీది. ఆగినది నిరపాయమైనది, ఆగనిది అభ్యంతరకరమైనది. ఎండీ5 ను భద్రతతో సంబంధం లేని పనికి వాడుతున్నట్టయితే పైథాన్ 3.9 నుంచి హ్యాష్‌లిబ్‌లో యూజ్‌డ్‌ఫర్‌సెక్యూరిటీ అన్న ఐచ్ఛికాన్ని ఫాల్స్‌గా ఇవ్వవచ్చు, అయితే అది నిజంగా నడవడం మీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను ఎలా అమర్చారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. దానికంటే ఎస్‌హెచ్‌ఏ 256 కు మారిపోవడమే సుఖం, క్యాష్ ఒకసారి ఖాళీ అవుతుంది, అంతే. బీక్రిప్ట్ ఆగకపోవడానికి కారణం అది తన కోడ్‌ను తనే తెచ్చుకోవడం, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను అడగనే అడగదు. పాస్‌వర్డులను దాచే పద్ధతులలో బీక్రిప్ట్, ఎస్‌క్రిప్ట్, ఆర్గాన్2 ఇవేవీ నిస్ట్ ఆమోదించిన జాబితాలో లేవు. పీబీకేడీఎఫ్2 ఉంది. సాంకేతికంగా ఆర్గాన్2 మేలైనదని నాతో వాదించేవారు ఉంటారు, వారితో నాకూ పేచీ లేదు, కానీ ఇక్కడ చర్చ మేలైనది ఏది అని కాదు. టీఎల్‌ఎస్‌లో వాడే చాచా20 పాలీ1305 అనే గుప్తీకరణ పద్ధతి కూడా ఆమోదిత జాబితాలో లేనిదే.

ప్రశ్న: మా సేవలన్నీ గో భాషలో ఉన్నాయి. ఫిప్స్ కావాలంటే స్టాటిక్ బైనరీని (బయటి లైబ్రరీలు అక్కరలేని ప్రోగ్రామును) వదులుకోక తప్పదని కొందరు అంటున్నారు. నిజమేనా?
(ఒక పాఠకురాలు, రేణిగుంట)

జవాబు: ఒకప్పుడు నిజమే. బోరింగ్‌క్రిప్టో అనే మాడ్యూల్‌ను గోకు జోడించే ప్రయోగాన్ని వాడాలంటే సీజీఓ (గో నుంచి సీ కోడ్‌ను పిలిచే సదుపాయం) తప్పనిసరి, సీ లైబ్రరీతో అతుకు తప్పదు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన గో 1.24 తో పరిస్థితి మారింది. ఫిప్స్ 140-2 తరువాతి ప్రమాణమైన 140-3 కోసమే రూపొందించిన మాడ్యూల్ గో ప్రామాణిక లైబ్రరీలోనే ఉంది, సీజీఓ అవసరం లేదు. కట్టేటప్పుడు గోఫిప్స్140 అన్న చరరాశిలో మాడ్యూల్ వెర్షన్‌ను చెబితే చాలు, తయారైన స్టాటిక్ బైనరీ డిస్ట్రోలెస్ స్టాటిక్ మీద హాయిగా కూర్చుంటుంది. ఖాతాదారుకు రాసే ముందు మీరు ఎంచుకున్న వెర్షన్‌కు సీఎంవీపీ జాబితాలో ఆ రోజు ఏ స్థితి చూపుతున్నదో మీ కళ్లతో చూసుకోండి. పరిశీలనలో ఉన్న మాడ్యూళ్ల జాబితా వేరు, సర్టిఫికెట్ పొందినవాటి జాబితా వేరు.

ప్రశ్న: ధ్రువీకరణ పొందిన మాడ్యూల్ పాతది కదా, దానికోసం మేము పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తోనే ఉండిపోవాలా? స్కానరు రోజూ హెచ్చరిస్తున్నది.
(ఒక పాఠకుడు, పుత్తూరు)

జవాబు: అక్కరలేదు. 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు ఫిప్స్ విధానంలో నడుస్తున్న సర్వర్లు కూడా గడగడలాడాయి, ఎందుకంటే ఆ లోపం టీఎల్‌ఎస్ హార్ట్‌బీట్ కోడ్‌లో ఉంది, అది ధ్రువీకరించిన మాడ్యూల్ సరిహద్దుకు బయట ఉంది. సీలు మాడ్యూల్‌కే గానీ దాని చుట్టూ ఉన్న అంగడికి కాదు. అదృష్టవశాత్తూ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 లో ఈ రెండూ విడివిడి ఫైళ్లు. ధ్రువీకరణ పొందిన 3.0.8 లేదా 3.1.2 మూలకోడ్ నుంచి ఫిప్స్ ప్రొవైడరును మాత్రం కట్టుకుని, తక్కిన లైబ్రరీలను ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 వరుసలోని తాజా వెర్షన్ నుంచి తీసుకోవచ్చు. ఆ ప్రాజెక్టువారే ఈ కలయికను అనుమతిస్తున్నారు. బయటి భాగాన్ని వారం వారం మార్చండి, లోపలి ఫైలును కదపకండి. ఆ ఒక్క ఫైలులోనే లోపం బయటపడితే మాత్రం పెద్ద చిక్కే. సవరించిన మాడ్యూల్‌కు ధ్రువీకరణ వచ్చేదాకా, సవరణ లేని సర్టిఫికెట్టా, సర్టిఫికెట్ లేని సవరణా అని ఎంచుకోవలసి వస్తుంది. నన్నడిగితే సవరణ వైపే మొగ్గుతాను, అయితే ఆ నిర్ణయం నాదీ కాదు మీదీ కాదు, దాన్ని రాతపూర్వకంగా ఖాతాదారు ముందు ఉంచి వాళ్ల చేతనే చెప్పించుకోవాలి.

మరో మాట. ఈ రెండు వెర్షన్లలో 3.0.8 ది 140-2 సర్టిఫికెట్, 3.1.2 ది 140-3. పాత 140-2 సర్టిఫికెట్లన్నీ 2026 సెప్టెంబరు 21తో చారిత్రక జాబితాలోకి వెళ్లేలా నిర్ణయించారు. ఆ తరువాత ఉన్న వ్యవస్థలను నడుపుకోవాలా వద్దా అన్నది ఆ శాఖ నష్టభయాన్ని అంచనా వేసుకుని తేల్చుకోవాలి, కొత్త కొనుగోళ్లకు మాత్రం అవి పనికిరావు. ఇప్పుడు కొత్తగా ఇమేజ్ కట్టేవారు 140-3 తోనే మొదలుపెట్టడం మంచిది.

ప్రశ్న: ఖాతాదారు పంపిన ఫారంలో మీ ఉత్పత్తి ఫిప్స్ సర్టిఫై అయిందా, అవును లేదా కాదు అని ఉంది. ఏమి రాయాలి?
(మొదటి పాఠకుడే, కొర్లగుంట)

జవాబు: రెండూ రాయకండి. మీ ఉత్పత్తికి సర్టిఫికెట్ లేదు, ఉన్నది మీరు వాడే మాడ్యూల్‌కు. ఆ సర్టిఫికెట్ కూడా కొన్ని నిర్దిష్టమైన ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద, ప్రాసెసర్ల మీద పరీక్షించి ఇచ్చినది. కంటైనరుకు సొంత కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఉండదు, ఖాతాదారు యంత్రం కెర్నెలే దానికి దిక్కు, యాదృచ్ఛిక సంఖ్యలకు కావలసిన మూలం కూడా సాధారణంగా అక్కడి నుంచే వస్తుంది. రెడ్‌హ్యాట్ వారి యూబీఐ అనే బేస్ ఇమేజ్‌లైతే హోస్ట్ యంత్రం ఫిప్స్ విధానంలో మొదలైందా లేదా అన్నదాన్ని బట్టే నడుచుకుంటాయి. కనుక గడి పక్కన ఖాళీలో ఈ విధంగా రాయండి: “ఈ ఇమేజ్‌లో గుప్తీకరణ పనులన్నీ ఫలానా సంఖ్యగల సర్టిఫికెట్ ఉన్న ఫలానా వెర్షన్ మాడ్యూల్ ద్వారా మాత్రమే జరుగుతాయి. మాడ్యూల్‌ను భద్రతా విధాన పత్రంలోని ఆదేశాల ప్రకారమే కట్టాము, తరువాత మార్చలేదు. ఇమేజ్ డైజెస్ట్ ఇది, అందులోని భాగాల జాబితా జతపరచాము. హోస్ట్ కెర్నెల్ అమరిక మీ బాధ్యత.” డైజెస్ట్ అంటే ఆ ఇమేజ్ లోపలి సరుకు నుంచి లెక్కగట్టిన గుర్తు, ఆ చోట ట్యాగ్ (ఇమేజ్‌కు తగిలించే పేరు) రాయకండి. లేటెస్ట్ అన్న ట్యాగ్ ఈరోజు ఒక ఇమేజ్‌ను, రేపు ఇంకొక ఇమేజ్‌ను చూపుతుంది.